క్రిస్మస్ కేక్‌కు పండ్లు నానబెట్టేది రమ్‌లోనా, పండ్ల రసంలోనా?

చీనీతోట (అనంతపురం):
నవంబరు వచ్చిందంటే మా సంఘం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీ, టూటీ ఫ్రూటీ సీసాలో వేసి రమ్ పోస్తేనే ఫ్రూట్ కేక్ అని కొందరు గట్టిగా అంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో చేసి ఇరుగుపొరుగుకు పంచే కేక్‌లో మందు ఉండకూడదు. రుచి కోసమైనా దాని అవసరం లేదు. మా వీధిలో మేం కేక్ పంపేది ఎక్కువగా ముస్లింల ఇళ్లకే. రంజాన్‌కు వాళ్లింటి నుంచి మాకు షీర్‌ఖుర్మా వస్తుంది. మనం పంపే పళ్లెంలో వాళ్లు తినకూడనిది ఉంటే అదేం పండగ? మీ ఊళ్లో ఎలా చేస్తున్నారో, ఎందుకలా చేస్తున్నారో చెప్పండి.

తుంగభద్ర (కర్నూలు):
అక్కా, రమ్ పోసేది సరదాకి కాదు. మన దగ్గర అమ్మే రమ్‌లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అందులో మునిగిన పండుకు బూజు పట్టదు. సీసా ఫ్రిజ్‌లో పెట్టకపోయినా నెలల తరబడి ఉంటుంది. కాల్చిన తర్వాత కూడా అప్పుడప్పుడూ పైన ఒకటి రెండు చెంచాలు పోస్తూ ఉంటే కేక్ జనవరి దాటినా చెడదు, రోజులు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. రసంతో చేసిన దానికి ఆ బలం ఎక్కడిది? 1883లో కేరళలోని తలశ్శేరిలో మర్డాక్ బ్రౌన్ అనే దొర అడిగితే బేకరీ నడిపే మాంబళ్లి బాపు చేసిన కేక్‌లో కూడా జీడిమామిడి పండ్ల సారా పడిందని చెబుతారు. మన దేశంలో క్రిస్మస్ కేక్ కథ అక్కడి నుంచే మొదలుపెడతారు. పాపం అనేవాళ్లు బైబిల్లోని కానా పెళ్లిని గుర్తు చేసుకోవాలి, నీళ్లు ద్రాక్షారసమైంది అక్కడే కదా. అయినా కాల్చేటప్పుడు మందంతా ఆవిరైపోతుంది, ఇంక గొడవెందుకు?

పెన్నాఒడ్డు (జమ్మలమడుగు):
ఆ చివరి మాట నిజం కాదన్నా. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, కాదనను. కానీ పిండిలో నీళ్లతో, వెన్నతో కలిసిపోయాక అంత తేలిగ్గా వదలదు. గంటల సేపు ఉడికినా కొంత మిగులుతుంది. చల్లారిన కేక్ మీద పోసేది అసలు పొయ్యి ఎక్కనే ఎక్కదు, అది ఎక్కడికి పోతుంది?

నాకు బైబిల్ వాదన వద్దు. కానా పెళ్లి మీరు చెబితే తాగుడు వద్దనే సామెతల గ్రంథం ఇంకొకరు చెబుతారు, తెల్లారేదాకా తెగదు. మా ఇంట్లో తాగుడు మానేసిన మనిషి ఉన్నాడు. మా నాన్నే. ఒక పండక్కి తెలిసినవాళ్లింటి నుంచి వచ్చిన కేక్ డబ్బా మూత తీయగానే ఆ వాసనకు ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. రాత్రి భోజనానికి కూడా లోపలికి రాలేదు. పంపినవాళ్లు ప్రేమతోనే పంపారు. ఇందులో రమ్ ఉంది అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ డబ్బా ఆయన ముందు తెరిచేవాళ్లమే కాదు.

బురుజుదగ్గర (కర్నూలు):
తమ్ముడూ, నీ మాట చదివి మనసు బరువెక్కింది. పంచే కేక్‌లో మందు వద్దు, నేనూ ఒప్పుకుంటా. కానీ రుచి సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. నేను తిన్న రసం కేకుల్లో చాలావాటికి రంగు ఉండదు, పండ్లన్నీ అడుక్కి చేరి పైన ఉత్త స్పాంజి మిగులుతుంది. మా పిన్ని చీనీ (బత్తాయి) రసం పోసి చేస్తే చేదొచ్చింది. దీనికి చీనీతోట అక్క ఏమంటారు?

చీనీతోట (అనంతపురం):
ఆ చేదు పిన్ని చేతి లోపం కాదు, చీనీ గుణమే అంత. చీనీ రసం పిండి ఉంచినా, వేడి చేసినా చేదు పైకి వస్తుంది. గింజ నలిగినా, తెల్లపొర కలిసినా ఇంకా ఎక్కువ. చీనీ మన జిల్లా పంటే, నాకూ ప్రేమే, కానీ ఈ పనికి కమలాలు మేలు. డిసెంబరులో బండ్ల మీద ఎక్కడైనా దొరుకుతాయి.

నా కొలత చెబుతాను. ఎండు పండ్లన్నీ కలిపి అరకిలో, కమలా రసం 200 మిల్లీలీటర్లు, వెన్న పావుకిలో. మూడూ గిన్నెలో వేసి సన్న సెగ మీద అయిదు నిమిషాలు ఉడికించి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి పండు ఉబ్బి మెత్తబడి ఉంటుంది, గిన్నెలో రసం పెద్దగా మిగలదు. చాలామంది పచ్చి రసం పోసి సీసాను రెండు మూడు రోజులు గట్టు మీద పెడతారు. అది పులుస్తుంది. రసం కేక్ చెడిందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే.

రంగు రమ్‌తో రాదు, మాడ్చిన చక్కెరతో వస్తుంది. 100 గ్రాముల చక్కెర నీళ్లు లేకుండా కరిగించి, కాఫీ డికాక్షన్ రంగు దాకా రానిచ్చి, అప్పుడు పావు కప్పు వేడినీళ్లు పోయాలి. ఎగసి చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. ఈ పాకం, లవంగం, దాల్చిన చెక్క, జాజికాయ, కాస్త శొంఠి, ఇవి పడ్డాక రమ్ లేదని ఎవరికీ లోటు తెలియదు. మిగతావి పావుకిలో మైదా, 150 గ్రాముల చక్కెర, నాలుగు గుడ్లు, చెంచాడు బేకింగ్ పౌడర్. పండ్ల గిన్నె పూర్తిగా చల్లారాకే గుడ్లు కలపాలి. పండ్లు అడుక్కి దిగడానికి కారణం పిండి పలచబడటం. పిండి గరిటెకు అంటుకుని మెల్లగా జారేంత గట్టిగా ఉండాలి. టిన్నుకు రెండు వరసల కాగితం వేసి 150 డిగ్రీల మీద దాదాపు రెండు గంటలు. తొందరపడి సెగ పెంచితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది.

తుంగభద్ర (కర్నూలు):
ఆవిరైపోతుందన్న మాట వెనక్కి తీసుకుంటా. పెన్నాఒడ్డు తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివాక ఇక నుంచి నేనిచ్చే ప్రతి డబ్బా మీద రమ్ ఉందో లేదో రాసే పంపుతా. కానీ మా ఇంట్లో మేం తినే కేక్‌కు రమ్ మానను. మా జేజి చేసిన పద్ధతి అది. ఆ వాసన లేకపోతే మాకు అది క్రిస్మస్ కేక్ కాదు. మరి నిల్వ సంగతి మీరు ఎత్తలేదక్కా.

చీనీతోట (అనంతపురం):
బట్టర్ పేపర్ చుట్టి, గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు బాగుంటుంది. అంతకంటే ఎక్కువ రోజులంటే మీ రమ్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ పంచడానికి చేసే కేక్‌కు నెల నిల్వ ఎందుకు? 22న కాలిస్తే 25కి రుచి పట్టి ఉంటుంది, కొత్త సంవత్సరానికి డబ్బా ఖాళీ. డబ్బా మీద రాస్తే చాలు అన్నది మాత్రం నాకు నచ్చలేదు. రాసి పంపితే పక్కింటివాళ్లు చదివి పక్కన పెడతారు. అందరూ తినేలా చేయడం మన చేతిలో ఉన్నప్పుడు, తినలేరని తెలిసి పంపడం నాకు మనసొప్పదు.

బురుజుదగ్గర (కర్నూలు):
అక్కా, మా ఎదురింటివాళ్లు గుడ్డు కూడా తినరు. మరి వాళ్లకు?

చీనీతోట (అనంతపురం):
వాళ్లకు చిన్న టిన్ను వేరే. గుడ్ల బదులు గట్టి పెరుగు ముప్పావు కప్పు, బేకింగ్ పౌడర్‌తో పాటు పావు చెంచా సోడా. కాస్త బరువుగా వస్తుంది, రుచికి ఏమీ తగ్గదు. చిన్న టిన్ను త్వరగా కాలుతుంది, గంట దాటగానే పుల్ల గుచ్చి చూడండి. గుడ్డు తగిలిన గరిటె అందులో పెట్టకండి, ముందు వాళ్లదే కలిపేయండి.