మూడో తరగతి నోట్సులో ప్రతి తప్పుకీ ఎర్ర సున్నా చుట్టాలా?

మా బడిలో ఐదు తరగతులకు ఇద్దరమే టీచర్లం. మూడో తరగతి తెలుగు నోట్సులు నేనే దిద్దుతాను. మార్జిన్, తేదీ, పాఠం పేరు రాయడం అలవాటు చేశాను, దాంతో పేచీ లేదు.

నిన్న ఒక పాప ఊరి చెరువు గురించి ఐదు వాక్యాలు రాసింది. 'చేపలు ఎగిరి మళీ నీళలో పడతాయి' అట! ఎంత బాగా చూసిందో. కానీ మళ్ళీలో, నీళ్ళలో ఒత్తులు ఎగిరిపోయాయి. అన్నిటికీ సున్నాలు చుట్టేసరికి పాప ముఖం చిన్నబోయింది. వదిలేద్దామంటే తనిఖీకి వచ్చినవాళ్ళు "దిద్దలేదేం?" అంటారు. పైగా ఎఫ్ఏలో, అంటే ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, రాత పనులకూ మార్కులు వేయాలాయె.

వారానికి ఒక రకం తప్పే, అంటే ఒత్తులు మాత్రమే, పట్టుకుంటే సరిపోతుందా? సరైన పదం మీరే రాసిస్తారా, పిల్లలచేత రాయిస్తారా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.