కాలనీ సేఫ్టీ మీటింగుకి జనం రావాలంటే ఏం చెయ్యాలి? (కూర్మన్నపాలెం వైపు)

మేడమీద మల్లె అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విశాఖలో కూర్మన్నపాలెం నుంచి కాస్త లోపలికి వెళ్తే వచ్చే కాలనీ. పేరు వద్దులెండి, మావాళ్లూ ఇక్కడ చదువుతారు. సగం ఇళ్లు స్టీల్ ప్లాంట్ వాళ్లవి, ఉద్యోగంలో ఉన్నవాళ్లవీ రిటైరైనవాళ్లవీ. మిగతావి అద్దెకిచ్చిన వాటాలు.

మొన్న సంక్రాంతికి అందరూ ఊళ్లకెళ్లినప్పుడు మా వీధిలోనే రెండిళ్లకి తాళాలు పగలగొట్టారు. ఒకరింట్లో బంగారం పోయింది. రెండో ఇంట్లో ఏమీ దొరకలేదేమో, గ్యాస్ బండా ఇత్తడి బిందెలూ పట్టుకుపోయారు. ఆ బిందెలు ఆవిడ అత్తగారివి. బంగారం పోయినావిడ కంటే ఈవిడే ఎక్కువ ఏడ్చింది.

ఆ వారంలోనే రామాలయం పక్క షెడ్డులో మీటింగ్ పెట్టాం. నిలబడ్డానికి కూడా చోటు లేదు. స్టేషన్ నుంచి ఎస్‌ఐ గారొచ్చి, ఊరెళ్తే చెప్పి వెళ్లమన్నారు, 112 గురించి చెప్పారు, కెమెరాలు పెట్టించుకోమన్నారు, టీ తాగి వెళ్లిపోయారు. ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, "నా గేటుకి అడ్డంగా కారెవరు పెడుతున్నారో ముందు అది తేల్చండి" అని ఒకాయన లేచారు. అక్కణ్నుంచి కుక్కలు, కుక్కలకి అన్నం పెట్టేవాళ్లు, మేడమీంచి కారే ఏసీ నీళ్లు. దొంగల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రెండో మీటింగుకి వచ్చింది ప్రెసిడెంట్ గారు, ట్రెజరర్ గారు, నేను. ఫ్లాస్కు నిండా టీ. తెప్పించిన మిక్చర్ పొట్లాలు మేమే పంచుకుని ఇంటికి తెచ్చుకున్నాం. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ మీటింగ్ మెసేజ్ కింద బొటనవేళ్లు బారులు తీరి ఉన్నాయి.

ఇంకో సంగతి. అద్దెకున్నవాళ్లని కూడా పిలుద్దామంటే ప్రెసిడెంట్ గారు ఒప్పుకోవట్లేదు. "ఇవాళుంటారు, రేపు పోతారు, వాళ్లకెందుకు మన సంగతులు" అంటారు. సరే అని ఊరుకుంటే, మొన్న ఒక పెద్దాయన దుప్పట్లమ్మే అబ్బాయి ఫొటో గ్రూపులో పెట్టి "అనుమానాస్పద వ్యక్తి, జాగ్రత్త" అని రాశారు. ఆ అబ్బాయి ఏళ్ల తరబడి మా వీధికి వస్తున్నాడు. మా మంచం మీదున్న దుప్పటి అతని దగ్గర కొన్నదే. ఆ మాటే నేను రాస్తే "మీకేం తెలుసమ్మా" అన్నారు.

నేను కమిటీలో లేను. ఇంటిపట్టున కుట్టుమిషన్ పని చేసుకుంటాను. రోజంతా వీధిలో కనపడేది నేనే కాబట్టి ఫోన్లు చెయ్యడం, కుర్చీలు తెప్పించడం నా మెడకే చుట్టుకుంది. జనం రావాలంటే ఏం చెయ్యాలి? కెమెరాలకి ఇంటికింత అని వసూలు మొదలుపెట్టమంటారా, ముందు ఇంకేమైనా చూసుకోవాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి. పోలీసుల్ని తిట్టుకోడానికైతే వేరే చోటు చూసుకుందాం.

సింధియా చిన్నోడు

ఏటి మీటింగులమ్మా. మా వైపూ పెట్టేరు. మొదటి రోజు అందరూ వచ్చీసి అరిచీసి వెళ్లిపోనారు, అంతే. నెలకింతని వేసుకుని ఒక గూర్ఖాని పెట్టీసుకోండి. మీటింగులు ఒగ్గీయండి.

కొమ్మాది మాస్టారు

మేడమ్, నేను మధురవాడ వైపు ఒక లేఅవుట్ అసోసియేషన్‌కి చాలాకాలం సెక్రటరీగా చేశాను. పై తమ్ముడు చెప్పిన గూర్ఖా మేమూ పెట్టాం. రెండు నెలలు అందరూ ఇచ్చారు, మూడో నెల నుంచి "మా ఇంటివైపు ఈల వినపడట్లేదు" అని ఒక్కొక్కరే మానేశారు. మనిషి మంచివాడే. జీతం సరిగ్గా అందక వెళ్లిపోయాడు.

కెమెరాల డబ్బు మొదట అడగొద్దు. కొనడం తేలికే. ఏడాది తిరిగేసరికి డీవీఆర్ (రికార్డింగు పెట్టె) ఎవరింట్లో పెట్టాలి, కరెంటు ఎవరిది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర అన్న పంచాయతీ మొదలవుతుంది. సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పుపట్టి, కావలసిన రోజున తెరిస్తే బూడిదరంగు తెర తప్ప ఏమీ ఉండదు. దానికంటే ముందు మీ మలుపులో సూపర్ మార్కెట్టో ఫంక్షన్ హాలో ఉంటే వాళ్లని కలవండి. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం వంద మందీ ఆపైనా పోగయ్యే చోట్ల యజమానే కెమెరాలు పెట్టి, రికార్డింగు 30 రోజులు దాచాలి. ఒక కెమెరా మీ రోడ్డువైపు తిప్పమని అడగండి. నలుగురు పెద్దమనుషులు వెళ్లి మర్యాదగా అడిగితే కాదనరు. వాళ్లకీ అక్కడే బేరం.

ఇక జనం సంగతి. "భద్రత" అని పిలిస్తే ఎవరికి ఏ కోపముంటే అది తెచ్చుకుంటారు. ఒక్క పని కోసం పిలవండి. మేం చేసింది వీధిలైట్లు. హుద్‌హుద్ తుఫాను తర్వాత 2015లో ఊరంతా పాత లైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టారు కదా, తొంభై వేల పైచిలుకు. పెట్టినవన్నీ ఎల్లకాలం వెలగవు. రాత్రి ఎనిమిదిన్నరకి అన్నాలు తినేసి వీధిలోకి రండి, అరగంట నడుద్దాం అన్నాం. కూర్చునే మీటింగుకి రాని ఆడవాళ్లు దీనికి వచ్చారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ. ఒకమ్మాయి చేతిలో నోటుబుక్కు, ఒకరి చేతిలో టార్చి. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చదవడం, లైటు వెలుగుతోందా లేదా రాసుకోవడం. చెట్టుకొమ్మ అడ్డమొచ్చి వెలుగు కింద పడని చోట "కొమ్మ" అని రాయడం. నంబరు చెరిగిపోయిన చోట ఎదురింటి డోర్ నంబరు. నడుస్తూ ఉంటే "ఇక్కడ కోచింగ్ నుంచి వచ్చే పిల్లలు రోడ్డు దాటి అవతల నుంచి వెళ్తారు" అని ఎవరో అన్నారు. ఎందుకంటే ఖాళీ స్థలంలో తుప్పలు, పక్కనే మందు సీసాలు. అది ఏ మీటింగులోనూ బయటపడని సంగతి.

ఆ కాగితం పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్లండి. లైట్లకీ రోడ్లకీ ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, అక్కడే మహిళా పోలీసు కూడా ఉంటారు. వైరు వేలాడుతుంటేనో స్తంభం వంగితేనో అది కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ పని, ఫోన్ నంబరు 1912. ఈ తేడా తెలీక మా వాళ్లు నెలల తరబడి తప్పు కౌంటర్లో నిలబడ్డారు. పని జరక్కపోతే సోమవారం జీవీఎంసీలో (నగరపాలక సంస్థ) పీజీఆర్‌ఎస్ అర్జీ, అంటే ప్రజా ఫిర్యాదు పెట్టి రశీదు నంబరు గ్రూపులో పెట్టండి. 3 లక్షల జనాభా దాటిన ఊళ్లలో వార్డు కమిటీలుండాలని 74వ రాజ్యాంగ సవరణలో ఉంది, నిజమే. మా ప్రెసిడెంటు గారికి ఆ ఉపన్యాసం కంఠతా వచ్చు. లైటు వెలిగింది మాత్రం రశీదు నంబరు వల్ల.

ఒకటి వెలిగాక చూడండి, రాని ఇళ్లవాళ్లు ఫోన్ చేసి "మా సందు రాయలేదేం" అంటారు.

అసోసియేషన్ రిజిస్టర్ కాకపోతే చేయించండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేర ఉంటేనే తర్వాత డబ్బడగడానికి మీకు నోరుంటుంది.

దుప్పట్ల అబ్బాయి ఫొటో తీయించండి. ఇది చిన్న విషయం కాదు. 2018 మే నెలలో పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు అంటూ వాట్సాప్ పుకార్లు రెండు రాష్ట్రాల్లో ఎలా తిరిగాయో గుర్తుండే ఉంటుంది. దారిన పోయేవాళ్లని చావగొట్టారు, ప్రాణాలూ పోయాయి. ఫొటోలు గ్రూపులో పెట్టకూడదు, అనుమానముంటే 112కి చెప్పాలి అని అడ్మిన్ చేత రాయించండి.

డి షెడ్ బ్యాచిలర్

మేడమ్, మీ ప్రెసిడెంట్ గారన్న "ఇవాళుంటారు, రేపు పోతారు" బాపతు నేను. దువ్వాడ దగ్గర అద్దెకుంటున్నాను, పరవాడ ఫార్మాలో పని. మా వీధిలో దొంగతనం జరిగితే మొదట మా గదికే వచ్చారు, ఆధార్లు చూపించమని. చూపించాం. మీటింగుకి మాత్రం పిలవలేదు.

రాత్రి పదిన్నరకి కంపెనీ బస్సు దిగి మెయిన్ రోడ్డు నుంచి నడిచొచ్చేది మేమే. ఏ స్తంభం వెలగదో, ఏ మలుపులో కుక్కలు మీద పడతాయో, ఏ గోడ పక్కన గంజాయి కాల్చే గుంపు చేరుతుందో ఓనర్లకంటే మాకే బాగా తెలుసు. ఆ గుంపు గురించి 1972కి ఫోన్ చేసింది కూడా మా రూమ్మేటే. అది గంజాయి, డ్రగ్స్ సంగతి చూసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబరు, మన పేరు చెప్పక్కర్లేదు. ఓనర్లకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు.

మమ్మల్ని పిలిస్తే ఖాళీ కుర్చీలన్నా నిండుతాయి కదండీ.

గోపాలపట్నం పద్మ

నాది వేరే మాట. అందరూ దొంగల గురించే రాస్తున్నారు. 2020 మే 7 వేకువన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైనప్పుడు మమ్మల్ని లేపింది సైరన్ కాదు, పక్కింటాయన తలుపు బాదడం. లాక్‌డౌన్ రోజులు, అందరం ఇళ్లలోనే ఉన్నాం. కళ్లు మంటలు, గొంతులో గుచ్చుకుంటున్నట్టు. గాలి ఎటు వీస్తోందో తెలీదు, ఎటు పరుగెత్తాలో తెలీదు. కొందరు గ్యాసున్న వైపే వెళ్లి రోడ్డు మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు.

ఆ తర్వాత మా సందులో మేం చేసుకున్న పని ఒక్కటే, పేర్ల జాబితా. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారు, ఎవరికి ఆస్తమా, ఎవరింట్లో ఆటో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర. నాలుగిళ్లకి ఒక మనిషి, తలుపు కొట్టే బాధ్యత వాళ్లది. ఈ పనికి మా వీధిలో ఎవరూ రానన్లేదు, ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

మీకు చుట్టూ పరిశ్రమలే. ప్రమాదకర రసాయనాలున్న చోట జిల్లా యంత్రాంగం దగ్గర ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ (ప్రమాదం ఫ్యాక్టరీ బయటికి పాకితే ఏం చెయ్యాలో రాసిన ప్రణాళిక) ఉండాలని 1989 నుంచే నిబంధన ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం మార్చి, చుట్టుపక్కల జనానికి ప్రమాదాల సంగతి చెప్పాలన్నారు. మీ కాలనీ తరఫున ఒక కాగితం రాసి కలెక్టరేట్‌లో సోమవారం అడగండి: సైరన్ మోగితే మేం ఎటు వెళ్లాలి? ఎస్‌ఐ గారిని అడిగితే ఆయనేం చెప్తారు పాపం.

ఆ పేర్ల జాబితా వాట్సాప్‌లో పెట్టొద్దు. ఏ ఇంట్లో ముసలామె ఒంటరిగా ఉందో ఊరందరికీ తెలియడం మంచిది కాదు. కాగితం మీద, ఇద్దరి దగ్గర.

మేడమీద మల్లె

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, నడక మాట మా వీధి ఆడవాళ్లకి చెప్పగానే ఎప్పుడంటే ఎప్పుడన్నారు. ప్రెసిడెంట్ గారు "నడిస్తే మోకాళ్లు" అన్నారు, సరే, ఆయన్ని అరుగు మీద కూర్చుని నోటుబుక్కు చూసుకోమన్నాం. అద్దెవాళ్లని పిలవడానికి ఇంకా గునుస్తున్నారు. బ్యాచిలర్ తమ్ముడు రాసింది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పిలిస్తే పిలవండి, ఓటు మాత్రం లేదు" అన్నారు. ఓటు దేనికో నాకూ తెలీదు.

దొంగలకి ఇల్లు ఖాళీ అని ఎలా తెలిసిందా అని అడిగితే మా ఇస్త్రీ బండి ఆయన చటుక్కున చెప్పాడు. పండగ రోజుల్లో వీధంతా ముగ్గులుంటే ఆ రెండు వాకిళ్లలోనే లేవట. గేటుకి పాల ప్యాకెట్ల సంచి కూడా అలాగే వేలాడుతోందట. ఎవరు ఊరెళ్లారో తన దగ్గరికి బట్టలు రాకపోవడాన్నిబట్టి తనకి ముందే తెలుసు. ఆయన్ని కూడా మీటింగుకి ఎవరూ పిలవలేదు. ఇకమీదట ఎవరు ఊరెళ్లినా పక్కింటివాళ్లు వాళ్ల వాకిట్లో ముగ్గు వెయ్యాలని ఆడవాళ్లం అనుకున్నాం.

ఒక చిక్కు మిగిలింది. షిఫ్టులు. మగవాళ్లు కూడా రావాలంటే ఏ టైము పెట్టాలి? ఆదివారం పొద్దున్న పెడితే ఎవరో ఒకరు తిడుతున్నారు.

సి షిఫ్ట్ సత్యం

అమ్మా, నేనూ ప్లాంటే. ఆదివారం పది గంటలకి పెడితే పొద్దున్న డ్యూటీ ‘ఎ’ షిఫ్టువాళ్లు లోపలుంటారు, రాత్రి డ్యూటీ సి షిఫ్టువాళ్లు అప్పుడే వచ్చి పడుకునుంటారు. బీ వాళ్లు మధ్యాహ్నం రెండుకి ఎక్కాలని అన్నం తొందరలో ఉంటారు. మీకు దొరికేది రిటైరైనవాళ్లే. సాయంత్రం ఐదున్నర పెట్టండి. ‘ఎ’ వాళ్లు ఇంటికొచ్చి ఒక కునుకు తీసుంటారు, సి వాళ్లు లేచి టీ తాగుతుంటారు. బీ వాళ్లు ఎలాగూ రారు. అదే మీటింగు పైవారం మళ్లీ అదే టైముకి పెట్టండి, షిఫ్టు తిరుగుతుంది కాబట్టి మొదటిసారి తప్పినవాళ్లు దొరుకుతారు. రెండుసార్లు ఒకటే మాట చెప్పాలి, తప్పదు. మా యూనియన్ మీటింగులకీ ఇదే తంతు.

నడక మాత్రం ఎనిమిదిన్నరకి వద్దు. తొమ్మిది దాటితే మేం డ్యూటీకి బయల్దేరే టైము. ఏడున్నరకి మొదలుపెడితే మేమూ ఒక సందు చూసి వెళ్తాం.

కొమ్మాది మాస్టారు

ఏడున్నరైతే సరే, ఎండాకాలంలో కూడా అప్పటికి చీకటి పడే ఉంటుంది. సచివాలయానికి వెళ్లేటప్పుడు కాగితం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపూ తేదీ వేయించుకోండి మేడమ్. ఆ కాపీ ప్రెసిడెంట్ గారికి ఇవ్వకండి, మీ దగ్గరే ఉంచుకోండి.