తామరకు తగిరిస ఆకు పూయొచ్చా?

ప్రశ్న (ఉరవకొండ దగ్గర పల్లె):
మా ఆయనకు నడుము చుట్టూ, తొడల సందుల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చలు లేచినాయి. అంచు ఉబ్బెత్తుగా ఉండి పొట్టు రాలుతుంది. ఒకటే దురద. శెనక్కాయ చేన్లో పని, చెమట ఆరదు. మా అత్త తగిరిస ఆకు నిమ్మరసంతో నూరి పూయమంటుంది. పక్కింటామె జిల్లేడు పాలు పెట్టమంటుంది. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ పెద్దదైంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాల?

జవాబు (గుంతకల్లు):
అక్కా, మా పిల్లలకు గజ్జి వచ్చినప్పుడు వేపాకు, పసుపు నూరి ఒళ్లంతా పూసినాం. తగ్గిపోయింది. మీరూ అదే చేయండి.

జవాబు (ఫార్మసిస్టు, అనంతపురం):
అమ్మా, జిల్లేడు పాలు మాత్రం వద్దే వద్దు. చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, చేతికంటింది కంట్లో పడితే చూపుకే ముప్పు.

మీరు చెప్పిన గుర్తులు తామరవి, అంటే ఫంగస్. గజ్జి వేరు, అది చర్మాన్ని తొలిచే పురుగు. వేప, పసుపు ముద్దను 814 మంది గజ్జి రోగులకు పూసి, నూటికి 97 మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని 1992లో ఒక పరిశీలన అచ్చయింది. వేరే మందుతో పోల్చి చూసింది కాదు, తామర మీద చేసిందీ కాదు.

మీ అత్తగారి మాటలో పస ఉంది. తగిరిస గింజల్లో ఫంగస్‌ను అణచే పదార్థం ల్యాబుల్లో దొరికింది. దాని చుట్టమైన సీమ అవిసె ఆకును ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖే తామరకు సిఫారసు చేసింది. అయితే ఇంట్లో నూరిన ముద్దలో మందు ఎంతుందో తెలియదు, ఇంతగా పాకిన తామరకు అది చాలదు. నిమ్మరసం చేతులకంటి ఎండలో పనిచేస్తే బొబ్బలు, నల్ల మచ్చలు వస్తాయి.

నాకు కడుపు మండేది ఆ ట్యూబు దగ్గర. క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ఎరుపు, దురద తగ్గిస్తాయి, ఫంగస్‌ను మాత్రం పెంచుతాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా అడిగినోళ్లకు అడిగినట్టు ఇస్తున్నారు. మామూలు ఫంగస్ మాత్రలకు లొంగని తామర మన దేశంలో పాకుతోంది, దయచేసి చర్మం డాక్టరుకే చూపించండి. షుగర్ కూడా పరీక్ష చేయించండి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. ఇంట్లో ఇంకెవరికి ఉన్నా కలిసే మందు వాడాలి.

ప్రశ్న వేసినామె:
చూసినాను సార్, క్లోబెటసాల్ అనే ఉంది. ఆపేస్తే ఎక్కువవుతుందా?

ఫార్మసిస్టు:
కొన్నాళ్లు దురద, ఎరుపు పెరగొచ్చమ్మా. భయపడి మళ్లీ అదే రాయొద్దు. ఎన్నాళ్లు రాశారో చెప్పి, ఆ ట్యూబు డాక్టరుకు చూపించండి.