చలాన్లు పడితే కారు ఇన్సూరెన్స్ పెంచాలా? పెంచితే బండికా, నడిపినవాడికా?

నిజాంపేట_స్విఫ్ట్:
మా కారు ఇన్సూరెన్స్ వచ్చే నెల 9తో అయిపోతోంది. రెన్యువల్ కోసం ఫోన్ చేసినతను "మీ బండి మీద చలాన్లున్నాయి సార్, ప్రీమియం పెరుగుద్ది" అన్నాడు. చూస్తే నిజంగానే రెండున్నాయి, రెండూ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఓవర్‌స్పీడ్, ఒక్కోటి 1,035. ఫొటోలో నంబర్ ప్లేటు, డిక్కీ మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నడిపింది నేను కాదు, ఆపరేషనైన నాన్నని ఊరికి పంపడానికి ఆ ఒక్క ట్రిప్పుకి పెట్టుకున్న యాక్టింగ్ డ్రైవర్. పదకొండేళ్లలో నేను ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఇలా పెంచొచ్చా? పెంచడం న్యాయమేనా?

పాలసీ_బాబాయ్:
పెంచరు. తొందరపెట్టడానికి అన్న మాట అది. 19 ఏళ్లుగా ఇన్సూరెన్స్ పనే చేస్తున్నాను, చలాన్లు చూసి కారు రెన్యువల్ రేటు కట్టడం నా చేతిమీదుగా ఒక్కసారీ జరగలేదు. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) రేటు కేంద్రం నిర్ణయించేది, 1000 నుంచి 1500 సీసీ కారుకి 2022 జూన్‌లో 3,416 అని పెట్టారు, చలాన్ ఉన్నా లేకపోయినా అంతే. ఓన్ డ్యామేజీలో (మన బండికే జరిగే నష్టానికి కట్టే భాగంలో) మీకు తేడా వచ్చేది నో క్లెయిమ్ బోనస్ దగ్గర, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు. 20 శాతంతో మొదలై ఐదేళ్లకి 50 అవుతుంది, క్లెయిమ్ చేస్తే పోతుంది. చలాన్ పడితే బోనస్ పోదు.

అలాగని పూర్తిగా గాలివార్త కూడా కాదు. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ దీని మీద ఒక బృందాన్ని వేసింది, 2021 జనవరిలో రిపోర్టు బయటికొచ్చింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కి 10, ఆ పాయింట్లని బట్టి ప్రీమియంలో ఇంకో భాగం కలపాలని, ముందు ఢిల్లీలో పెట్టి చూడాలని అందులో ఉంది. ఆ మాటే అప్పుడప్పుడు ఇలా తిరుగుతూ ఉంటుంది.

ట్రావెల్స్_అన్న:
రాంగ్ పార్కింగ్‌కి పాయింట్లా? పేషెంటుని దించడానికి హాస్పిటల్ ముందు రెండు నిమిషాలు ఆపితే ఫొటో కొడతారు. పార్కింగ్ కట్టకుండా బిల్డింగులకి పర్మిషన్ ఇచ్చింది ఎవరు? నాకు ఆరు బండ్లున్నాయి, నెలకి ఎన్ని చలాన్లు కడతానో నాకు తెలుసు. ఇక ఇన్సూరెన్స్‌లో కూడా బాదితే బండ్లు అమ్ముకుని ఊరెళ్లాలి.

సత్తెనపల్లి_ఆడపడుచు:
పెంచాలి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పెండింగ్ చలాన్లకి టూవీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం తగ్గించారు. అంతకుముందు 2022 మార్చిలోనూ టూవీలర్లకి 75, కార్లకి 50 శాతం తగ్గించారు. ఆగితే డిస్కౌంట్ వస్తుందని తెలిశాక చలాన్‌కి ఎవడు భయపడతాడు? ఏటా కట్టక తప్పని చోట పడితేనే తగులుతుంది.

ట్రావెల్స్_అన్న:
మీరు చెప్పిన డిస్కౌంటే నా సాక్ష్యం అక్కా. ప్రాణాల కోసం వేసే ఫైన్ అయితే 80 శాతం ఎలా తగ్గిస్తారు? అవి డబ్బు వసూలుకి వేసినవి. వాటిని పట్టుకుని నేను ప్రమాదకరమైన మనిషినని ఎలా అంటారు?

కూకట్‌పల్లి_మూడో_ఫేజ్:
వెనక కూర్చున్న మా ఆవిడకి హెల్మెట్ లేదని 135 పడింది. దానికి, బండి నడపడానికి ఏం సంబంధం?

డాలస్_తెలుగువాడు:
ఇక్కడ టెక్సస్‌లో టికెట్ (అంటే చలాన్) పడేది లైసెన్స్ మీద, బండి మీద కాదు. పోలీసు ఆపి, అద్దం దగ్గరికొచ్చి, లైసెన్స్ చూసి రాస్తాడు. నాకు స్పీడింగ్ టికెట్ వచ్చినప్పుడు కోర్టు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ (జాగ్రత్తగా నడపడం నేర్పే) క్లాస్ చేస్తే కొట్టేశారు, ప్రీమియం పెరగలేదు. టెక్సస్‌లో ఆ అవకాశం ఏడాదికి ఒక్కసారే. రెండోసారి దొరికితే రికార్డులోకి ఎక్కుతుంది, కంపెనీ పెంచుతుంది. మా వీధిలో ఒకరికి అలాగే అయింది. రెడ్ లైట్ కెమెరాలని 2019లో టెక్సస్ చట్టం చేసి తీసేసింది. బండి ఫొటో తీసి మనిషికి శిక్ష వేయడం మీద ఇక్కడా చాలా గొడవైంది.

ట్రావెల్స్_అన్న:
అదే కదా నేను మొత్తుకునేది! ఫొటోలో ఉన్నది ప్లేటు. పాలసీ నా పేరు మీద. నడిపింది వేరేవాడు. వాడు రేపు ఇంకో ట్రావెల్స్‌లో చేరతాడు, పెరిగిన ప్రీమియం మాత్రం నాకు మిగులుతుంది.

పాలసీ_బాబాయ్:
రిపోర్టులో కూడా రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని ఉంది. బండి అమ్మితే కొత్త ఓనర్‌కి సున్నా నుంచి మొదలు. అది పెద్ద లోపమని నా అభిప్రాయం, పాయింట్లు మనిషిని వదిలేసి ఇనుముకి అంటుకుంటాయి.

సత్తెనపల్లి_ఆడపడుచు:
అన్నా, ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. 1,035 చలాన్ పడితే ఎవరి జీతంలో కోస్తారు?

ట్రావెల్స్_అన్న:
డ్రైవర్ జీతంలో. మరి నేనెందుకు కట్టాలి?

సత్తెనపల్లి_ఆడపడుచు:
అయితే ఎవరు నడిపారో మీకు తేదీతో, టైముతో సహా తెలుసు! డబ్బు కోసేటప్పుడు తెలుస్తుంది, ఇన్సూరెన్స్ అనేసరికి తెలియదా? మా తమ్ముడు మియాపూర్‌లో స్కూటర్ మీద వెళ్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన క్యాబ్ గుద్దింది. తొడ ఎముకలో రాడ్ వేశారు, ఇప్పటికీ మెట్లెక్కితే చెయ్యి గోడ మీద పెట్టుకునే ఎక్కుతాడు. ఆ రోజు డ్రైవర్ ఎవరో చెప్పడానికి ఓనర్ నాలుగు నెలలు తిప్పాడు. మీరన్న ఈ మాటలే అన్నాడు, "బండి నాది, నడిపింది నేను కాదు" అని.

ట్రావెల్స్_అన్న:
వాడు చేసిన పాపం నా నెత్తిన వేయకండి. నా ముందు మీరు కూర్చుంటే తెలుస్తుంది. మా బండ్లెక్కే ఉద్యోగుల కంపెనీ షిఫ్టు 6 గంటలకి, పది నిమిషాలు లేటైతే ఆ ట్రిప్పుకి నాకు కోత. నలుగురిని నాలుగు చోట్ల ఎక్కించుకోవాలి, ఒకరు కిందికి దిగరు, ఆ పావుగంట డ్రైవర్ రోడ్డు మీద తెచ్చుకోవాలి. రాంగ్ రూట్‌లో దూరమని నేనెప్పుడూ చెప్పలేదు. టైముకి చేరమని మాత్రం చెప్పాను. రోజూ చెప్తాను.

డాలస్_తెలుగువాడు:
అన్నా, మీరే చెప్పేశారు.

ట్రావెల్స్_అన్న:
చెప్పాను. అబద్ధమాడను. డ్రైవర్ పేర్లు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ పేరిస్తే వాడి ప్రీమియమో లైసెన్సో పోతుంది, టైము పెట్టిన కంపెనీకి ఒక్క పాయింటూ పడదు. దానికి ఒప్పుకోను.

సత్తెనపల్లి_ఆడపడుచు:
కంపెనీ మీద వేయమంటే నేనూ మీ పక్కనే నిలబడతాను. కానీ పేరు మాత్రం దాచకూడదు. నాలుగు నెలలు స్టేషన్ చుట్టూ తిరిగింది మా నాన్న.

పాలసీ_బాబాయ్:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 ప్రకారం పోలీసులు అడిగితే డ్రైవర్ పేరు, అడ్రసు, లైసెన్స్ వివరాలు ఓనర్ ఇచ్చి తీరాలమ్మా. అది ఎప్పటినుంచో ఉన్న చట్టమే.

నిజాంపేట_స్విఫ్ట్:
యాక్టింగ్ డ్రైవర్‌కి ఇందాక ఫోన్ చేశాను. మా నాన్నకి దారిలో నొప్పి ఎక్కువైందట, "త్వరగా పోనీ బాబూ" అని ఆయనే అన్నారట. ఆ మాట నాన్న నాకు చెప్పనే లేదు. రెండు చలాన్లూ నేనే కట్టేస్తున్నాను. బాబాయ్ గారూ, 9 లోపు రెన్యువల్ మీ దగ్గరే చేయిస్తాను, నంబర్ మెసేజ్ పెట్టండి.