ఆయనకు టీబీ, పాపను నెల్లూరు పంపేయనా?

మేము చెన్నై కొళత్తూరులో ఉంటాం. ఒకే బెడ్‌రూమ్ ఇల్లు. దగ్గు మూడు వారాలైనా తగ్గకపోతే కళ్ళె పరీక్ష చేయించాం. మా ఆయనకు ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. మందులు మొదలై ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగానే ఇచ్చారు, పొద్దున్నే పరగడుపున నాలుగు మాత్రలు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చిందని బాత్‌రూమ్‌లోంచి కేకేస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అది మందు రంగేనని నర్సమ్మ చెప్పాక ఊపిరి పీల్చుకున్నాం.

ఆయన హాల్లో పడుకుంటారు, నేనూ పాపా గదిలో. పాపకు నాలుగేళ్ళు. మొన్నటిదాకా నాన్న భుజం మీదే నిద్రపోయేది. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి "నాన్నా, దగ్గు పోయిందా?" అని అడుగుతోంది. రాత్రి ఆయన దగ్గినప్పుడల్లా లేచి దాని నుదురు తాకి చూస్తున్నాను. ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టాను. నోటితో ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయనే కడుక్కుని కిటికీ గట్టు మీద బోర్లిస్తున్నారు. అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నెల్లూరులో మా అత్తకు చెప్పలేదు. ఆమెకు షుగర్. మామూలు జ్వరమే అన్నాను. చూడ్డానికి పినాకిని రైల్లో వస్తానంటోంది. పాపను అక్కడికి పంపేస్తే నయమా? పంపితే అత్తకేమన్నా అవుతుందా? ఒకటే టెన్షన్.

అంబత్తూరు నుంచి ఒక అమ్మ

చెల్లీ, పాపను ముందు ఊరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మందులు మొదలుకాక ముందే కదా నాన్న పక్కన పడుకుంది, అంటుకునేదుంటే అప్పుడే అంటుకుని ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో అది జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ. పరీక్షలో జబ్బు లేదని తేలితే, రాకుండా మాత్రలు ఇస్తారు. నువ్వూ చూపించుకో. మా వారికి వచ్చినప్పుడు బాబుకు మూడేళ్ళు. ఆడుకుంటున్నాడు కదా, వాడికేముంది అనుకుని నెల రోజులు ఊరుకున్నాను. వాడికేమీ కాలేదు గానీ ఆ నెల తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

కంచం తీసి మళ్ళీ అందరి కంచాలతో పెట్టెయ్. టీబీ కంచాలతో రాదు, దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపర్లతో వస్తుంది. కిటికీలు తెరిచి పెట్టు, ఆయన్ను మాస్కు వేసుకోమను. మందులు సరిగా పనిచేస్తుంటే మామూలుగా రెండు వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఎప్పటి నుంచి కలిసి పడుకోవచ్చో డాక్టరునే అడుగు.

పెరంబూరు పెద్దాయన

అమ్మా, ఒక సంగతి విను. మన చెట్‌పెట్‌లోనే 1956లో కొందరు టీబీ రోగులను శానిటోరియంలో, అంటే టీబీ ఆస్పత్రిలో పెట్టి, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి పోల్చి చూశారు. ఇరుకిళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్ళకూ ఇంటి వైద్యం బాగానే పనిచేసింది. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ ఇళ్ళతో పోలిస్తే వీళ్ళ ఇళ్ళలో జబ్బు ఎక్కువగా పాకలేదు కూడా. ఆయన్ను ఇంట్లో ఉంచుకుని తప్పు చేస్తున్నానని మాత్రం అనుకోకు.

రెండు నెలలకే ఒళ్ళు తేరుకుంటుంది, అప్పుడే చాలామంది మందులు మానేస్తారు. ఆరు నెలలూ వాడాల్సిందే, మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించు. నిక్షయ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు, గుడ్లకూ పప్పుకూ పనికొస్తుంది. సందేహాలుంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కు ఫోన్ చేయి. షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ త్వరగా వస్తుంది కాబట్టి అత్తగారిని ఇప్పుడే రావద్దని చెప్పు. ఎందుకో కూడా చెప్పు.

అడిగినావిడ

పాపను రేపు పొద్దున తీసుకెళ్తున్నాను. అత్తకు ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాటే లేదు. తర్వాత "మాత్రలు వేసుకుంటున్నాడా? తింటున్నాడా?" అంది. వేరుశనగ చిక్కీ చేసి బస్సులో పంపుతానంది. ఇందాక ఆయన కంచం తెచ్చి మా కంచాల మధ్య పెట్టాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు. రాత్రి ఇంకో దోసె అడిగి వేయించుకున్నారు.