స్ట్రట్ పై నట్టు ఊడట్లేదు, ఎవరైనా దారి చెప్పండి

ఉప్పల్‌లో మా ఇంటి పార్కింగ్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి పాత స్విఫ్ట్‌కి ఆఫ్టర్‌మార్కెట్ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వేస్తున్నాం. వెనకవైపు పని ఇట్టే అయిపోయింది. ముందు ఎడమ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిపి ఉండే భాగం) దగ్గరే ఇరుక్కున్నాం. స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ బిగించి పై నట్టు తిప్పుతుంటే షాక్ లోపలి రాడ్డు కూడా దాంతోపాటే తిరుగుతోంది. రాడ్డు కొనలో అలెన్ కీ పట్టే గాడి తుప్పు పట్టి గుండ్రంగా అరిగిపోయింది. పాత షాక్ ఎలాగూ పడేసేదే కాబట్టి రాడ్డుని వైస్‌గ్రిప్‌తో (లాక్ అయ్యే ప్లయర్‌తో) పట్టేయొచ్చా, లేక ఇంపాక్ట్ గన్ తేవాలా? స్ట్రట్‌ని బాడీకి పట్టి ఉంచే పై మౌంట్ మళ్లీ వాడాలి, అది మాత్రం దెబ్బతినకూడదు. స్ప్రింగ్ నొక్కి ఉంది, అందుకే కొట్టి లాగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంకొకటి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే కడ్డీ) రబ్బరు బుష్‌లు కూడా మారుస్తున్నాం. ఆ బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఫుల్ టైట్ చేయాలంటారు, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుందట. కానీ బండి దించాక కింద స్పానర్ తిప్పే చోటే లేదు. స్టాండ్ల మీదే ఉంచి ఆర్మ్ కింద జాకీతో లేపి బిగిస్తే సరిపోతుందా?

అలైన్‌మెంట్ తర్వాత బయట చేయిస్తాం. షెడ్డుకి తీసుకెళ్లమనే సలహా తప్ప ఏదైనా చెప్పండి, అది మా నాన్న పొద్దుట్నుంచీ చెప్తూనే ఉన్నారు.