పురుషుల కూడికలో "పని" మీద నాలుగు వారాల పాఠం: ఏం చెప్పాలి?

ప్రశ్న – భీమవరం దగ్గర సంఘం నుంచి

అందరికీ వందనాలు. మా సంఘంలో శనివారం రాత్రి పురుషుల కూడిక ఉంటుంది. కౌలు రైతులు, రొయ్యల చెరువుల మీద మేత వేసేవాళ్ళు, తాపీ మేస్త్రీలు వస్తారు. పని గురించి నాలుగు వారాలు చెప్పమన్నారు అయ్యగారు. "పని ఆదాముకొచ్చిన శాపం, ప్రార్థనే అసలు సేవ" అనేవాళ్ళు కొందరు. ఇంకొందరికి చెరువు, చేను తప్ప ఆదివారమూ లేదు, ఇల్లూ లేదు. వాక్యంతోపాటు మనవాళ్ళ పనికి అతికే సంగతులు చెప్పండి.

పాలకొల్లు సంఘ పెద్ద

బ్రదర్, ఆదికాండము 2:15తో మొదలుపెట్టండి. పాపం ఇంకా రాకముందే దేవుడు మనిషిని ఏదెను తోటలో పెట్టింది "సేద్యపరచుటకును దాని కాచుటకును". మూడో అధ్యాయంలో శాపం పడింది నేల మీద. ఊద గడ్డి, దోమపోటు ఆ మూడో అధ్యాయం నుంచి వచ్చాయి. ఊడ్పు రెండో అధ్యాయంలోనే ఉంది. ఇలా చెబితే రైతుకి వెంటనే ఎక్కుతుంది.

రెండో వారం ఎఫెసీ 4:28, 1 తిమోతి 5:8 కలిపి తీసుకోండి. సంపాదన ఇంటివాళ్ళ కోసం, ఆ తర్వాత అక్కరలో ఉన్నవాళ్ళకి పంచడం కోసం. దీన్ని మాటగా వదిలేయకండి. వారం కూలి చేతికి రాగానే ముందు ఇంటికి చేరాలి, బియ్యానికీ డ్వాక్రా వాయిదాకీ తీయాలి, ఇవ్వాల్సింది వేరే కవరులో పెట్టాలి. బెల్టు షాపు దాటాక మిగిలినదాంట్లోంచి ఇద్దామంటే ఏమీ మిగలదు.

"పని చేయనివాడు తినకూడదు" అనే 2 థెస్సలొనీక 3:10 జాగ్రత్తగా వాడండి. అది పని చేయడానికి ఒప్పుకోనివాడి గురించి. నడుం పడిపోయినవాణ్ణి, పని దొరకనివాణ్ణి దానితో కొడితే మళ్ళీ కూడికకు రాడు.

చెరువుల టెక్నీషియన్, ఆకివీడు వైపు

ఆదివారం సంగతి నేను చెబుతాను. వనామీ రొయ్యల చెరువుని పూర్తిగా వదిలేసి రావడం కుదరదు. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. 4 పీపీఎం కిందకి దిగితే రొయ్య మేత మానేస్తుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగినప్పుడు జనరేటర్ వేసేవాడు ఉండాలి. విశ్రాంతిదినాన గుంటలో పడ్డ ఎద్దుని తీయరా అని ప్రభువే అడిగాడు, లూకా 14:5.

మేత సంగతి వేరు. ఆరు, పది, రెండు, ఆరు గంటలకు నాలుగు పూటలు వేస్తారనుకోండి, పది గంటల పూట ఆరాధనకు అడ్డం. అక్కడ చేసే తప్పు ఏంటంటే, ఆ మేత కూడా పొద్దున్న ఆరింటికే కుమ్మరించేసి గుడికి రావడం. తినగా మిగిలింది అడుగున కుళ్ళుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, రాత్రికి ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. దానికంటే ఆ పూట మానేయడమే మేలు. ఒక్క పూటకి రొయ్యకి ఏమీ కాదు. రెండు గంటల మేత మామూలుగానే వేసి, మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలో చూసి ఆ తర్వాతి పూట సర్దుకోవచ్చు. ఇంకా మంచిది, పక్కపక్క చెరువుల వాళ్ళిద్దరు ఆదివారాలు వంతులు వేసుకోవడం.

చెరువు యజమానులు కూడికలో ఉంటే నిర్గమకాండము 20:10 తప్పక చదవండి. విశ్రాంతి దాసుడికి కూడా చెప్పిందే. గట్టు మీద షెడ్డులో కుటుంబంతో ఉండే కాపలా మనిషికి ఆదివారం ఇవ్వకుండా యజమాని ముందు వరసలో కూర్చుంటే ఆ పాఠం ఎవరికి?

ఏ పనైనా ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమన్న కొలస్సీ 3:23 కూలివాళ్ళకి. మేత పుస్తకంలో నాలుగు బస్తాలు రాసి చెరువులో మూడే వేస్తే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టిన మేత) లెక్క మొత్తం తప్పుతుంది. రొయ్య బతకలేదేమో, జబ్బేమో అనుకుని యజమాని అనవసరంగా మందులు కొంటాడు.

కౌలు రైతు, రామచంద్రపురం

అన్నయ్య గారూ, మూడో వారం నిజాయితీ మీద పెట్టండి. దాళ్వాలో (రబీ వరిలో) నీళ్ళు వంతులవారీగా ఇచ్చినప్పుడు రాత్రిపూట తూము ఎత్తితే శివారు చేను ఎండుతుంది. అది దొంగతనమే, నీళ్ళకి బస్తా లెక్క లేదు కాబట్టి అలా అనిపించదు. బస్తా 75 కేజీలని చెప్పి తక్కువ తూస్తే, దొంగ త్రాసు దేవుడికి అసహ్యమనే సామెతలు 11:1 ఉంది. ధాన్యం తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుందని పైన ఎండినవి, అడుగున పచ్చివి పోసేవాళ్ళున్నారు. కోత కూలి "మిల్లు డబ్బు పడ్డాక" అని వాయిదా వేసేవాళ్ళకి, బిగబట్టిన కోత కూలి మొరపెడుతుందనే యాకోబు 5:4 ఉంది.

మేస్త్రీలకైతే పౌలు చాలు. అపొస్తలుల కార్యములు 18:3లో కొరింథులో డేరాలు కుట్టాడు. మన డెల్టాలో సేవ చేసిన బౌడెన్, బీర్ దొరలను 1836లో ఇండియాకి వెంటబెట్టుకొచ్చిన మిషనరీ గ్రోవ్స్ కూడా ఇంగ్లండులో పళ్ళ డాక్టరుగా పనిచేసినవాడే.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగం, వందనాలు. నాలుగో వారానికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఖాళీగా ఉన్నవాళ్ళ గురించి పెట్టమంటారా?

పాలకొల్లు సంఘ పెద్ద

పెట్టండి. దాళ్వా కోసి కాలువలు కట్టేశాక చేలో పని ఉండదు, అప్పుడు ఆ లోటు ఇంకా తెలుస్తుంది. జీతం లేని మగవాడు గుడిలో వెనక తలుపు దగ్గర కూర్చుంటాడు. "ప్రార్థన చేస్తాం" అని వదిలేయకుండా ఏ మేస్త్రీకి హెల్పరు కావాలో, ఏ చెరువుకి మనిషి కావాలో ముందే కనుక్కోండి. అందరి ముందూ పేరు చదవకండి. పెద్దలిద్దరు వాళ్ళ ఇంటికి వెళ్ళి మాట్లాడితే సరిపోతుంది.